డలోనెగా: పేరు చెరోకీలది, బంగారం ఎవరిది?

ఏటా ఆగస్టు 9న ప్రపంచ ఆదివాసీ దినోత్సవం జరుపుకుంటున్నాం. ర్యాలీ తీస్తాం, డోలు మోగిస్తాం, థింసా ఆడతాం, పెద్దల మాటలు వింటాం. ఆ రోజు 'ప్రపంచం' అన్న మాట మైకులో చాలాసార్లు వినిపిస్తుంది. ఆ ప్రపంచంలో మనలాంటి మిగతా జాతులు ఎక్కడ ఉండేవి, ఏం పోగొట్టుకున్నాయి, ఏం నిలబెట్టుకున్నాయి అన్నది మాత్రం మన పాఠ్యపుస్తకాల్లో పెద్దగా కనిపించదు. అందుకే ఈ ప్రత్యేక సంచికలో అమెరికా దక్షిణాదిలోని ఒక చిన్న పట్టణం గురించి మన తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ చెప్పాలనుకున్నాం. దాని పేరు డలోనెగా.

చదువుకో ఉద్యోగానికో అట్లాంటా వైపు వెళ్లిన తెలుగువాళ్లకు ఈ ఊరు తెలిసే ఉంటుంది. జార్జియా రాష్ట్రానికి ఉత్తరాన, బ్లూ రిడ్జ్ కొండల పాదాల దగ్గర, అట్లాంటాకు సుమారు 110 కిలోమీటర్ల దూరంలో ఉంది. జనాభా పది వేల లోపే. అయినా లంప్‌కిన్ కౌంటీకి అదే ముఖ్య పట్టణం. కౌంటీ అంటే మన జిల్లా లాంటిదే, కాకపోతే బాగా చిన్నది. కోర్టు, భూమి రికార్డులు, షెరీఫు కార్యాలయం అన్నీ ముఖ్య పట్టణంలోనే ఉంటాయి. శనాదివారాలు వస్తే కొండగాలి కోసం, పాత బజారు చూడడానికి జనం కార్లేసుకుని వస్తారు. మనకు అరకు, లంబసింగి ఎలాగో వాళ్లకు ఇది అలాగ.

ముందు పేర్ల సంగతి చూద్దాం. చెరోకీ భాషలో పసుపు రంగును 'డలొనిగె' అంటారు. బంగారాన్ని పసుపు పచ్చని డబ్బు అనే అర్థంలో పిలుస్తారు. ఆ మాట నుంచే డలోనెగా వచ్చింది. ఇక కౌంటీ పేరు విల్సన్ లంప్‌కిన్ అనే గవర్నరుది. చెరోకీలను జార్జియా నుంచి వెళ్లగొట్టాలని పట్టుబట్టి పనిచేసిన నాయకుల్లో ఆయన ముందువరసలో ఉన్నాడు. పటంలో ఈ రెండు పేర్లూ ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. ఊరికి మాత్రం చెరోకీల మాట, ఆ ఊరున్న కౌంటీకి వాళ్లను తరిమినవాడి పేరు. ఈ ఊరి చరిత్ర సగం ఇక్కడే ఉందని మా అభిప్రాయం.

జింక వేటకు వెళ్లినవాడి కథ

డలోనెగాలో ఎవరినడిగినా చెప్పే కథ ఒకటుంది. 1828లో బెంజమిన్ పార్క్స్ అనే యువకుడు జింక వేటకు వెళ్లాడట. కాలికి ఒక రాయి తగిలిందట. తీసి చూస్తే లోపల గుడ్డు పచ్చసొనలా మెరిసిందట. మొదట చూసింది తామేనని చెప్పుకున్నవాళ్లు ఇంకా ఉన్నారు గానీ, పార్క్స్ కథే నిలిచిపోయింది. 1829 ఆగస్టు నాటికి జార్జియా పత్రికల్లో బంగారం వార్త వచ్చేసింది. ఆ తర్వాత వాగుల వెంట వేలమంది పలుగులు, పారలు, తట్టలతో దిగిపోయారు. కాలిఫోర్నియా బంగారపు పరుగు కంటే ఇది ఇరవై ఏళ్లు ముందు.

ఆ వాగులు ఎవరివి? అమెరికా ప్రభుత్వం స్వయంగా సంతకం చేసిన ఒడంబడికల ప్రకారం చెరోకీ జాతివి. వచ్చిపడిన ఆ గుంపును చెరోకీలు 'మహా చొరబాటు' అన్నారు. తెల్లవాళ్ల పుస్తకాల్లో అదే 'బంగారపు పరుగు'. జరిగింది ఒకటే అయినా ఎవరు చెబుతున్నారన్న దాన్నిబట్టి దాని పేరు మారిపోతుంది. మన దగ్గర పితూరీ అని రికార్డుల్లో రాసినదాన్ని మనం పోరాటం అంటున్నాం కదా, అలాగే.

ఇక్కడ ఒక పొరపాటు అభిప్రాయం తొలగించుకోవాలి. బంగారం దొరకబట్టే చెరోకీల నేల పోయిందని చాలామంది రాస్తారు. అది పూర్తిగా నిజం కాదు. 1802లోనే జార్జియా తన పడమటి భూములను కేంద్రానికి వదులుకుంది. బదులుగా, జార్జియా లోపలున్న ఆదివాసుల భూహక్కును తొలగించి పెడతామని కేంద్రం మాటిచ్చింది. అంటే పార్క్స్ కాలికి రాయి తగలడానికి పాతికేళ్ల ముందే నేల మీద కన్ను పడింది. బంగారం ఆ పనిని తొందర చేసింది, అంతే.

వాళ్లు అడవి మనుషులేనా?

సినిమాల్లో అమెరికా ఆదివాసులంటే తలమీద ఈకలు, గుర్రాలు, బాణాలు. 1820ల నాటి చెరోకీలు అలా లేరు. కలప ఇళ్లు, మొక్కజొన్న చేలు, పండ్ల తోటలు, పిండి మరలు ఉండేవి. 1825లో న్యూ ఎకోటా అనే చోట రాజధాని కట్టుకున్నారు. 1827లో సొంత రాజ్యాంగం రాసుకున్నారు. వాళ్లకు సుప్రీంకోర్టు కూడా ఉండేది.

అన్నిటికంటే గొప్ప విషయం లిపి. సెక్వోయా అనే చెరోకీ ఆయనకు ఇంగ్లీషు చదవడం రాదు. తెల్లవాళ్లు కాగితం మీద గీతలు గీసి మాట్లాడుకోవడం చూసి, మన భాషకూ అలాంటివి ఎందుకు ఉండకూడదని కూర్చున్నాడు. చాలా ఏళ్లు శ్రమపడి 1821 నాటికి లిపి పూర్తిచేశాడు. చివరికి స్థిరపడినవి 85 గుర్తులు. మన గుణింతంలో క, కి, కు అన్నట్టు ఒక్కో గుర్తు ఒక్కో పూర్తి అక్షరాన్ని పలుకుతుంది. భాష వచ్చినవాడు ఆ గుర్తులు నేర్చుకుంటే చాలు, చదవడం వచ్చేస్తుంది. కొద్ది ఏళ్లలోనే జాతిలో చాలామంది చదవడం రాయడం నేర్చుకున్నారు. సవర భాషకు 1936లో మంగేయి గొమాంగో సొరాంగ్ సోంపెంగ్ లిపిని తయారుచేసిన సంగతి మన సవర సోదరులకు తెలిసిందే. సెక్వోయా పని ఎంత పెద్దదో వాళ్లకు మేము వివరించక్కర్లేదు.

ఆ లిపితో 1828 ఫిబ్రవరి 21న న్యూ ఎకోటాలో 'చెరోకీ ఫీనిక్స్' పత్రిక మొదలైంది. అమెరికా ఆదివాసులు నడిపిన మొదటి పత్రిక అదే. కొంత చెరోకీలో, కొంత ఇంగ్లీషులో వేసేవారు. సంపాదకుడు ఎలియాస్ బౌడినాట్. అంటే డలోనెగాలో బంగారం బయటపడిన రోజుల్లోనే, కొండల అవతల చెరోకీల అచ్చు యంత్రం తిరుగుతోంది.

ఒక మాట దాచకుండా చెప్పాలి. చెరోకీల్లో కలిగినవాళ్లు కొందరు ఆఫ్రికా సంతతి బానిసలను పెట్టుకున్నారు. అన్యాయానికి గురైన జాతి ఇంకొకరికి అన్యాయం చేయదని ఏమీ లేదు. మన వాళ్ల కథ చెప్పుకునేటప్పుడూ ఇలాంటివి వదిలేయకుండా చెప్పుకోవాలని మేము అనుకుంటాం.

చీటీలు తీసి పంచుకున్న నేల

నేల ఎలా పోయింది? మొదట తుపాకీతో కాదు, కాగితంతో. యువత జాగ్రత్తగా చదవాల్సిన భాగం ఇదే.

చెరోకీల చట్టాలు చెల్లవని జార్జియా శాసనసభ చట్టం చేసింది. 1830 జూన్ 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. తెల్లవాడి మీద కేసులో ఆదివాసీ సాక్ష్యం చెల్లదని అందులోనే ఉంది. దీని అర్థం ఏమిటో ఆలోచించండి. ఎవడో వచ్చి మీ పశువులు తోలుకుపోయినా, ఇంట్లో చొరబడినా, చూసినవాళ్లందరూ చెరోకీలైతే కోర్టులో కేసే నిలవదు. తమ వాగులో తామే బంగారం తీసుకోవడానికి కూడా చెరోకీలకు వీల్లేదని గవర్నరు ప్రకటన ఇచ్చాడు. అదే 1830 మే నెలలో ఆదివాసులను మిసిసిపీ నదికి పడమట తరలించే చట్టం మీద అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్ సంతకం పెట్టాడు.

తర్వాత సర్వేయర్లు వచ్చారు. చెరోకీలు ఇంకా ఆ ఇళ్లలో కాపురం ఉంటుండగానే గొలుసులు పరిచి నేల కొలిచారు. మామూలు భూమిని 160 ఎకరాల ముక్కలుగా, బంగారం ఉందనుకున్న భూమిని 40 ఎకరాల ముక్కలుగా విడగొట్టారు. 1832లో లాటరీ పెట్టారు. ఒక పీపాలో పేర్ల చీటీలు, ఇంకో పీపాలో ముక్కల చీటీలు వేసి, రెండూ కలిపి తీస్తూ పోయారు. పేర్లు తెల్లవాళ్లవి మాత్రమే. చెరోకీలకు అందులో చోటు లేదు. జాతి ప్రధాన నాయకుడు జాన్ రాస్ ఇల్లు, తోట కూడా చీటీలో పోయాయి. 1835లో ఆయన వాషింగ్టన్‌లో రాయబారం నడిపి తిరిగొచ్చేసరికి సొంత ఇంట్లో వేరేవాళ్లు ఉన్నారు.

లంప్‌కిన్ కౌంటీ పుట్టింది ఆ లాటరీ ఏడాదిలోనే, 1832 డిసెంబరులో. మొదట అరారియా అనే గని ఊరు పెద్దది, కచేరీ అక్కడే ఉంటుందనుకున్నారు. 1833లో డలోనెగాను ముఖ్య పట్టణం చేశారు.

చెరోకీలు చూస్తూ ఊరుకోలేదు. బాణాలతో కాదు, లాయర్లతో వెళ్లారు. 1831లో వేసిన మొదటి కేసును, చెరోకీ జాతి పరాయి దేశం కాదు కాబట్టి ఇక్కడ వేయడం కుదరదని అమెరికా సుప్రీంకోర్టు వినలేదు. రెండోది శామ్యూల్ వూస్టర్ అనే మిషనరీ పేరు మీద నడిచింది. జార్జియా అనుమతి పత్రం తీసుకోకుండా చెరోకీల నేలలో ఉన్నాడని ఆయన్ని జైల్లో పెట్టారు. 1832 మార్చి 3న ప్రధాన న్యాయమూర్తి జాన్ మార్షల్ తీర్పు ఇచ్చాడు. చెరోకీల నేలలో జార్జియా చట్టాలు చెల్లవన్నాడు.

గెలిచారు. కానీ ఏమీ మారలేదు. జార్జియా ఆ తీర్పును లెక్కచేయలేదు, దాన్ని అమలు చేయించే పని జాక్సన్ చేయలేదు. లాటరీ ఆగలేదు. వూస్టర్ 1833 జనవరిలో గానీ జైలు నుంచి బయటికి రాలేదు. షెడ్యూల్డు ప్రాంతాల వాళ్లం కాబట్టి ఈ చోట మనకు మన సంగతులు గుర్తురాక మానవు. మనకు 1/70 ఉంది. షెడ్యూల్డు ప్రాంతంలోని ప్రభుత్వ భూమిని కూడా గనుల కోసం గిరిజనేతరులకు లీజుకివ్వకూడదని 1997లో సుప్రీంకోర్టు చెప్పిన సమత తీర్పు ఉంది. వూస్టర్ కేసు చదివినవాళ్లు తీర్పు రోజుతో పాటు ఆ తర్వాతి రోజులనూ లెక్కపెట్టుకోవాలి.

1835 డిసెంబరు 29న చెరోకీల్లో ఒక చిన్న వర్గం న్యూ ఎకోటాలో తరలింపు ఒప్పందం మీద సంతకాలు చేసింది. 50 లక్షల డాలర్లకు మొత్తం నేల. మేజర్ రిడ్జ్, ఆయన కొడుకు జాన్, పత్రిక నడిపిన బౌడినాట్ ఆ వర్గంలో ఉన్నారు. ఇక నిలబడలేం, ఉన్నది దక్కించుకుందాం అన్నది వాళ్ల లెక్క. వాళ్లను ద్రోహులని ఒక్కమాటలో కొట్టేసేవాళ్లున్నారు, మేము అంత తేలిగ్గా అనలేం. అయితే జాతి వాళ్లకు ఆ అధికారం ఇవ్వలేదన్నది మాత్రం నిజం. జాన్ రాస్ 15 వేలకు పైగా సంతకాలతో అర్జీ పంపాడు. అయినా 1836లో సెనేట్‌లో ఒప్పందం కావలసిన మెజారిటీకి ఒక్క ఓటు ఎక్కువతో గట్టెక్కింది.

ఒకే ఏడాది, రెండు పనులు

1838లో డలోనెగాలో ప్రభుత్వ టంకశాల తెరిచారు. ఏప్రిల్‌లో మొదటి బంగారు నాణేలు అచ్చయ్యాయి. మే నెలాఖరులో సైనికులు జార్జియాలోని చెరోకీ ఇళ్ల తలుపులు తట్టారు. పొయ్యి మీద వంట పొయ్యి మీదే ఉండగా జనాన్ని బయటికి లాగి దొడ్ల లాంటి శిబిరాల్లోకి తోలారు. అక్కడి నుంచి ఇప్పటి ఓక్లహోమా వరకు వెయ్యి మైళ్లకు పైగా నడక, పడవలు, బండ్లు, చలికాలం. తరలించినవాళ్లు దాదాపు 16 వేలమంది. శిబిరాల్లోనూ దారిలోనూ సుమారు 4 వేలమంది చనిపోయారని అంచనా. ఆ దారినే 'కన్నీటి బాట' అంటున్నారు.

టంకశాల 1861 దాకా నడిచింది. 15 లక్షలకు కాస్త తక్కువ బంగారు నాణేలు, 60 లక్షల డాలర్లకు పైగా విలువ. వాటి మీద 'డి' అనే అక్షరం ఉంటుంది. ఇప్పుడు నాణేలు సేకరించేవాళ్లు వాటికోసం పెద్ద మొత్తాలు పెడతారు. గనుల్లో పని చేసినవాళ్లలో నల్లజాతి బానిసలు చాలామంది. ఉపాధ్యక్షుడిగా పనిచేసిన జాన్ కాల్హూన్‌కు కూడా డలోనెగా దగ్గర గని ఉండేది. బానిసత్వం నుంచి బయటపడిన జేమ్స్ బాస్‌క్లేర్ అనే నల్లజాతి వ్యాపారి అక్కడే గని, దుకాణం నడిపాడు. 'ఫ్రీ జిమ్' అని పిలిచేవారు. అంత సంపాదించినా వ్యాపారం చేయాలంటే ఒక తెల్లవాడి సంరక్షణ ఆయనకు కావాల్సి వచ్చింది.

1849లో కాలిఫోర్నియా కబురు రాగానే గనివాళ్లు మూటలు కట్టుకున్నారు. వెళ్లొద్దని, ఈ కొండల్లోనే లక్షలున్నాయని టంకశాల ఉద్యోగి స్టీఫెన్‌సన్ కచేరీ మెట్లెక్కి బతిమాలాడని చెబుతారు. ఎవరు వింటారు? 1858లో డలోనెగా ప్రాంతపు గ్రీన్ రస్సెల్ బృందం కొలరాడోకు వెళ్లి అక్కడ బంగారపు పరుగు మొదలుపెట్టింది. తమ ఊరి పేరే పెట్టి అక్కడ ఇంకో అరారియా కట్టారు, అది డెన్వర్ నగరంలో కలిసిపోయింది. ఆ నేల షయాన్, అరపాహో జాతులది. తర్వాత వాళ్లకేమైందో 1864 నాటి శాండ్ క్రీక్ ఊచకోత గురించి చదివితే తెలుస్తుంది.

వెళ్తే ఏం చూడాలి

పట్టణం నడిమధ్య చతురస్రంలో 1836లో కట్టిన ఇటుక కచేరీ ఉంది. జార్జియాలో నిలిచి ఉన్న బాగా పాత కోర్టు భవనాల్లో ఇదొకటి. ఇప్పుడది బంగారపు మ్యూజియం. స్థానిక మట్టితో చేసిన ఇటుకల్లో బంగారు నలుసులు ఉన్నాయని గర్వంగా చెబుతారు. కట్టిన ఏడాది గమనించండి. చెరోకీలు ఇంకా చుట్టుపక్కల ఉన్నారు, సాక్ష్యం చెప్పే హక్కు మాత్రం లేదు. ఆ కచేరీలో అలా రెండేళ్లు గడిచాయి. లోపల నాణేలు, పనిముట్లు చూడండి. చూస్తూ, చెరోకీల గురించి ఎంత చెప్పారో, ఎక్కడ చెప్పారో కూడా చూడండి. ఏ మ్యూజియానికి వెళ్లినా మేము ముందు చూసేది అదే.

టంకశాల భవనం అంతర్యుద్ధం తర్వాత కళాశాలకు ఇచ్చారు, 1878లో కాలిపోయింది. ఆ పునాదుల మీదే ప్రైస్ హాల్ కట్టారు. ఇప్పటి నార్త్ జార్జియా విశ్వవిద్యాలయంలో బంగారు రేకు తాపడం చేసిన గోపురం దూరం నుంచే కనిపిస్తుంది. 1958లో డలోనెగా వాళ్లు కంచర గాడిదల బండ్ల మీద 43 ఔన్సుల బంగారం అట్లాంటాకు తీసుకెళ్లారు. రాష్ట్ర శాసనసభ గుమ్మటం మీది మెరుపు అలా వచ్చింది.

కన్సాలిడేటెడ్ గనిలో భూమి లోపలికి దిగి సొరంగాలు చూడొచ్చు. క్రిసన్ గనిలో పళ్లెంలో ఇసుక కడిగి నలుసు దొరుకుతుందేమో చూసుకోవచ్చు. పిల్లలకు ఇష్టంగా ఉంటుంది. అక్టోబరు మూడో వారాంతంలో బంగారపు పండగ జరుగుతుంది, ఆ రోజుల్లో కారు పెట్టడానికి చోటు దొరకదు. కాస్త దూరంలో 729 అడుగుల అమికలోలా జలపాతం. అదీ చెరోకీ మాటే, దొర్లిపడే నీళ్లు అని అర్థం.

ఊరికి ఉత్తరాన రెండు రహదారులు కలిసేచోట ఒక రాళ్ల కుప్ప ఉంటుంది. త్రాలీటా అనే చెరోకీ రాకుమార్తె సమాధి అంటారు. దారినపోయేవాళ్లు ఒక రాయి వేసి కోరిక కోరుకుంటారు. కొండ మలుపులో రాయో ఆకో వేసి దండం పెట్టే అలవాటు మనలో చాలామందికి ఉంది కాబట్టి ఆ చోటు వింతగా అనిపించదు. రాకుమార్తె కథ బాగుంటుంది, అందరూ చెబుతారు. 1838లో అక్కడి ఇళ్ల నుంచి బయటికి లాగిన రైతుల పేర్లు మాత్రం ఆ కుప్ప దగ్గర ఉండవు.

వాళ్ల కోసం అయితే డలోనెగాకు పడమట కాల్హూన్ ఊరి దగ్గరున్న న్యూ ఎకోటాకు వెళ్లాలి. ఒకే ప్రయాణంలో రెండూ చూడమని మా సలహా, ఒకటి చూసి రెండోది వదిలేస్తే సగం కథే తెలుస్తుంది. జనం పోయాక రాజధాని అంతా చేలల్లో కలిసిపోయింది. 1954లో తవ్వితే సీసపు అచ్చు అక్షరాలు వందల్లో బయటపడ్డాయి, సెక్వోయా అక్షరాలు. 1835లో జార్జియా పటాలం ఎత్తుకుపోయిన ముద్రణాలయానివి అవి. 1962లో ఆ స్థలాన్ని చారిత్రక క్షేత్రంగా తెరిచారు. వూస్టర్ ఉన్న ఇల్లు ఇంకా నిలిచి ఉంది. కచేరీ, అచ్చు ఇల్లు మళ్లీ కట్టారు. 1992లో జార్జియా ప్రభుత్వం వూస్టర్‌కు క్షమాభిక్ష ప్రకటించింది. సుప్రీంకోర్టు ఆయన శిక్ష చెల్లదని చెప్పిన 160 ఏళ్లకు.

ఇప్పుడు చెరోకీలకు అమెరికా ప్రభుత్వం గుర్తించిన మూడు సంఘాలున్నాయి. రెండు ఓక్లహోమాలో, ఒకటి తరలింపును తప్పించుకుని నార్త్ కరోలినా కొండల్లో ఉండిపోయినవాళ్లది. ఓక్లహోమాలోని చెరోకీ నేషన్ సభ్యులే నాలుగు లక్షలకు పైగా ఉన్నారు. వాళ్ల రాజధాని తాలెక్వా కూడా ఒక కౌంటీ ముఖ్య పట్టణమే, అక్కడ వీధుల పేర్లు సెక్వోయా లిపిలోనూ రాసి ఉంటాయి. మొబైల్ ఫోన్లలో ఆ లిపి కీబోర్డు వచ్చేసింది. చెరోకీ ఫీనిక్స్ ఇప్పుడు తాలెక్వా నుంచి వెలువడుతోంది.